బూడిదగుట్ట కింద మా మేనత్త

మా మేనత్త పోయింది. ఆదివారం పొద్దున చర్చికి తయారవుతూ, చీర కుచ్చిళ్లు పెట్టుకుంటూనే కూలబడిందట. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో నేను పనిచేసే ఆసుపత్రికి ఫోన్ వచ్చింది. రుద్రూర్ దారిలో ఉన్న మా ఊరు చేరేసరికి, ఆమె ప్రశాంతంగా ప్రభువునందు నిద్రించిందని సంఘ పెద్దలు బోర్డు రాయించి గడప పక్కన నిలబెట్టారు. ప్రశాంతంగానట! ఏడుస్తున్నదాన్ని కాస్తా ఆ మాట చదివి నవ్వాను. ఆమె ప్రశాంతంగా చేసిన పని ఒక్కటి ఉంటే చూపించమనండి. ఆ బోర్డు రాయించిన వాళ్లలో సగం మంది ఆమె ఎదురొస్తే సందు మార్చుకునేవాళ్లు.

మా అత్తకు మనుషుల మీద పెద్ద గౌరవం ఉండేది కాదు. ఎవరైనా తమ గొప్ప చెప్పుకుంటుంటే కొంగుతో మూతి తుడుచుకుంటూ చివరిదాకా వినేది. విని, "అయిపోయిందా?" అని అడిగేది. పాస్టరుగారి ప్రసంగానికైనా అంతే, పెళ్లివారి మాటలకైనా అంతే. నాకు నర్సు ఉద్యోగం వచ్చిందని చెబితే, "సూదులు గుచ్చేటందుకు గిన్నేండ్ల సదువా, కోడలా?" అంది. ఆ సాయంత్రమే నా చెప్పులు అరిగిపోయాయని చూసి, తను కొత్తగా కొనుక్కున్నవి నా కాళ్లకు తొడిగించి బస్సెక్కించింది. వద్దంటే తిట్టింది.

మామ మా ఊరి పక్కనున్న చక్కెర మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. ఆ మిల్లు పేరు రాయను, పేరు రాయడం కూడా దానికి ఎక్కువే. చెరకు పిప్పి చాలనప్పుడు అక్కడ బొగ్గు కాల్చేవాళ్లు. ఆ బూడిదనీ, సగం కాలిన రాళ్లనీ గోడ బయటకు తెచ్చి పారబోసేవాళ్లు. గోడ బయట ఉన్నది మా సమాధుల తోట. దగ్గీ దగ్గీ మామ పోయాక ఆయన్ను అక్కడే, గోడకు దగ్గరి వరసలో పెట్టాం. పక్కన తన కోసం అత్త చోటు వదిలించింది. ఆ తర్వాత బూడిద కుప్ప గుట్ట అయింది. గుట్ట అంచు ఏటేటా ఆ వరస వైపు జరుగుతూ వచ్చింది.

ఈస్టర్‌కు ముందురోజు మావాళ్లు సమాధులకు సున్నం వేస్తారు. అప్పటికింకా మిల్లు నడుస్తూనే ఉండేది. తెల్లారి ప్రార్థనకు వెళ్లేసరికి సున్నం మీద నల్లటి పొర కమ్మి ఉండేది. అత్త కొంగుతో మామ సమాధిని తుడుస్తూ, "బతికినన్నాళ్లు ఈయన ఊపిరి తిన్నరు, సచ్చినంక గూడ ఇడుస్తలేరు" అనేది. ఆమెకు కావలసింది ఒక్కటే. మామ సమాధి బూడిద పాలు కాకూడదు, తను పోయాక ఆ పక్కనే పడుకోవాలి.

ఊళ్లో గొడవ పెరిగాక మిల్లు మేనేజరు గుట్టను పచ్చగా చేస్తానన్నాడు. షామియానా వేయించి, అతిథుల్ని పిలిపించి, వట్టి బూడిదలో మొక్కలు గుచ్చి ఫోటోలు దిగాడు. అత్త చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. "బూడిదల మొక్కలు వెడుతున్రు. రేపు నిప్పుల నాట్లేస్తరేమో సూడుండ్రి" అని అందరికీ వినబడేలా అంది. మొక్కలు వారం తిరక్కుండా ఎండిపోయాయి. అతిథుల పేర్లు రాసిన పలక మాత్రం చాలాకాలం నిగనిగలాడింది.

సంఘ పెద్దలేమో ప్రార్థన పెడదామన్నారు. ప్రార్థన మంచిదే. కానీ మోకాళ్ల మీద ఉన్నవాళ్లను పార పట్టమని ఎవరూ అడగరన్న సంగతి ఆ పెద్దలకు బాగా తెలుసు. అత్త ఆడవాళ్లను వెంటేసుకుని చెరకు తూచే మిల్లు కాటా ముందు కూర్చుంది. చెరకు బండ్లు రోడ్డు పొడుగునా ఆగిపోయాయి. చివరికి గుట్ట మీద కప్పడానికి నల్లరేగడి మట్టి తోలించడానికి మిల్లువాళ్లు ఒప్పుకున్నారు.

అప్పుడే జరిగింది ఒక తప్పు. చెరకు సీమలో పుట్టినవాళ్లు తప్ప ఇంకెవరూ చేయని తప్పు. మా దగ్గర కాలువ నీళ్లు చేను చివరిదాకా అందాలని సాళ్లు వాలు వెంట, మీది నుంచి కిందికి తీస్తారు. సాళ్లు తీయించడంలో తనను మించినవాళ్లు లేరని అత్త నమ్మకం. మట్టి పరిచిన గుట్టకు కూడా అట్లాగే నెత్తి మీది నుంచి పాదం దాకా సాళ్లు తీయించి, గడ్డి దుబ్బులు నాటించింది. దువ్విన తలలా ఎంతో ముచ్చటగా ఉందని ఊరంతా మెచ్చుకుంది. చెరకు పండించే ఊళ్లో ఇదేంటని అడిగిన మొనగాడు ఒక్కడూ లేడు.

మొదటి పెద్ద వానకు ఒక్కో సాలూ ఒక్కో వాగయింది. మట్టీ గడ్డీ బూడిదా కలిసి దిగివచ్చాయి. ముందు వరస సమాధులు కనబడకుండా పోయాయి. మామ సమాధి ఎక్కడుందో కూడా తెలియలేదు.

పెద్దలకు సాకు దొరికింది. కాలువ గట్టున వేరే స్థలం ఇస్తామని మిల్లువాళ్లు అంటున్నారు కాబట్టి దీన్ని వదిలేద్దామన్నారు. "మన్ను మీద మన్నే గదా పడ్డది, అక్కా" అన్నాడొకాయన. "మీ నాయిన మీద పోసినంక జెప్పు గీ మాట" అంది అత్త.

మిల్లువాళ్లు నిజామాబాద్ నుంచి ఒక కుర్ర ఇంజనీరును పిలిపించారు. గుట్ట చుట్టూ తిరిగి, ఈ సాళ్లు ఎవరు తీయించారని అడిగాడు. అందరూ నేల చూపులు చూస్తుంటే "నేనే. గా కింద మా ఆయన ఉన్నడు" అంది అత్త. "ఇది చెరకు మడి కాదమ్మా. మడిల నీళ్లు పారాలె, గుట్ట మీద నీళ్లు ఆగాలె. మీ ఆయన మీదికి దీన్ని మీరే దింపిండ్రు" అన్నాడతను. ఆ మాటకు గుట్ట రెండోసారి కూలుతుందనుకున్నాను. అత్త ఆ సాళ్ల వైపు చూసి, "మరి ఎట్ల జెయ్యాలె, బిడ్డా?" అంది. ఆమె ఒకరిని అలా అడగడం నేను అంతకుముందు వినలేదు. అతను పుల్లతో నేల మీద గీసి చూపించాడు. గుట్టను మెట్లు మెట్లుగా కట్టాలి, ప్రతి మెట్టు అంచునా చిన్న కట్ట పోయాలి, పాదం చుట్టూ కాలువ తవ్వాలి, కింది మెట్టు మీద గడ్డి నిలదొక్కుకున్నాకే మీది మెట్టు ముట్టుకోవాలి. మర్నాడు అత్త అతనికి జొన్నరొట్టెలు, ఎల్లిగడ్డ కారం పట్టుకెళ్లింది. "తిను. నిజం జెప్పినోనికి ఆకలైతది" అంది.

మామ సమాధి మీది బూడిదను గడ్డపారతో ముట్టనివ్వలేదు. తనే కూర్చుని చేతులతో తీసింది. నేను తట్టలు మోశాను. చాలా తవ్వాక, ఒక చెయ్యి విరిగిన సిమెంటు సిలువ తగిలింది. దాని మీద అరచెయ్యి ఆనించి, "ఈడనే ఉన్నవా?" అంది, పొలం నుంచి ఆలస్యంగా వచ్చిన మనిషిని పలకరించినట్టు. నాకు ఏడుపాగలేదు. "ఏడ్సుడు తర్వాత, తట్ట అందుకో" అని కసిరింది.

తర్వాత కొన్నేళ్లపాటు గుట్ట మెట్టు మెట్టుగా లేచింది. తొందరపడి పై మెట్టు మీద బూడిద పోయడానికి వచ్చిన ట్రాక్టరుకు అత్త అడ్డంగా నిలబడేది. "గడ్డి వట్టలే. పో" అనేది. గడ్డి పట్టింది, వేపలూ కానుగలూ లేచాయి. ఈలోగా మిల్లు మూతబడింది. చేసిన చెత్తను వదిలేసి యజమానులు ఎటో వెళ్లిపోయారు.

అంత్యక్రియలకు పాత మేనేజరు కారులో వచ్చాడు. ఈ పచ్చదనం మన అందరి కలల పంట అని మాట్లాడాడు. పెద్దలు తలలూపారు. ఆయన నాటిన మొక్కల్లో ఒక్కటీ బతకలేదు. ఆయన మాత్రం బాగానే ఉన్నాడు. వీళ్లందరి మధ్యా బతికి, వీళ్ల నుంచి ఆ రెండు జానల నేల కాపాడుకున్నందుకు మా అత్తకు నేను రుణపడి ఉన్నాను. ఆమెను మామ పక్కనే పెట్టాం.

మూడో రోజు ప్రార్థనకు ముందు సాయంత్రం కుండపోత వాన. గుట్ట మళ్లీ దిగివచ్చి ఆ పచ్చి మట్టిని కప్పేసిందేమోనని రాత్రంతా వాన చప్పుడు వింటూ కూర్చున్నాను. తెల్లారగానే పరుగెత్తాను. మెట్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అత్త మీద పోసిన మట్టి కాస్త అణిగింది, అంతే. సమాధుల తోట నుంచి వస్తే కాళ్లు కడుక్కుని ఇంట్లో అడుగుపెట్టడం మా పద్ధతి. గుట్ట పాదం దగ్గరి కాలువలో నీళ్లు తేటగా పోతున్నాయి, అడుగున గడ్డి వేళ్లు కనబడుతున్నాయి. చెప్పులు విడిచి అందులోనే కాళ్లు కడుక్కున్నాను.