నలభై మూడు గొడుగు బొమ్మలు

శనివారం ఉదయం తొమ్మిదీ పదికి జెర్సీ సిటీలోని మా అపార్ట్‌మెంట్ నుంచి బయలుదేరాం. వెళ్లేది నది అవతలున్న మన్‌హాటన్‌కే అయినా, ముందు రోజు నుంచీ నాకు అన్నం సయించలేదు. ఆ వారమే అమెరికాలో విడుదలైన ఒక జపనీస్ యానిమే సినిమాలో నేను గీసిన బొమ్మలు నలభై మూడున్నాయి.

పెళ్లికి ముందు హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో పనిచేసేదాన్ని. ముఖ్యమైన బొమ్మలు జపాన్ నుంచి వచ్చేవి. ఒకదానికీ మరోదానికీ మధ్య కదలిక నింపడం మా పని. నాకు దక్కింది ఒక ముసలావిడ తడిసిన గొడుగు దులిపే షాట్. మడతలు సరిగా లేవని అక్కడివాళ్లు మూడుసార్లు తిప్పి పంపారు. ఇంతలో వీసా వచ్చింది, నేను వచ్చేశాను. మిగిలిన దిద్దుబాట్లు పక్క సీటు శోభ పూర్తిచేసింది. అందుకే చివర్లో వేసే పేర్లలో నాది ఉంటుందో లేదో నాకే తెలియదు. మావారు మాత్రం ఉంటుందని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో డప్పు కొట్టేశారు. తీరా ఆ రోజు ఆయనకు ఆఫీసు పని పడింది.

తోడుగా పక్క ఫ్లాటు నిత్య వచ్చింది. ఇక్కడే పుట్టిన పదిహేనేళ్ల పిల్ల. తెలుగు చదవలేదు గానీ యానిమే పిచ్చితో జపనీస్ చదవడం నేర్చుకుంది. సినిమా చివర పేర్లన్నీ ఆ లిపిలోనే వస్తాయి కాబట్టి నాకు తనే దిక్కు.

జర్నల్ స్క్వేర్ స్టేషన్‌లో తొమ్మిదిన్నర రైలెక్కాం. అది హోబోకెన్ మీదుగా చుట్టి వెళ్లింది. శనివారం వెళ్లేవాళ్లు ఆ ఆలస్యం లెక్కలో పెట్టుకోవాలి. సినిమాలో పాత్రలా నిత్య పెట్టుకున్న నీలం విగ్గు చూసి ఎదుటి సీటు పెద్దాయన ఇవాళ ఏం పండుగని అడిగాడు.

"మా ఆంటీ సినిమా రిలీజ్," అంది నిత్య ఇంగ్లిష్‌లో. ఆయన నాకు చెయ్యి కలిపాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

పదకొండు గంటల ఆట. టికెట్లు వారం ముందే బుక్ చేసుకోవడం మంచిదైంది, హాలు నిండిపోయింది. గంట దాటాక నా ముసలావిడ వచ్చింది. గొడుగు రెండుసార్లు దులిపి, లోపలికి వెళ్లబోతూ ఆగి, మూడోసారి దులిపింది. నాలుగు సెకన్లు కూడా లేదు. హాలంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

సినిమా అయినా ఒక్కరూ లేవలేదు. పేర్లన్నీ అయ్యేదాకా కూర్చోవడం యానిమే అభిమానుల అలవాటట. నిత్య ముందుకు వంగి చదువుతోంది.

"హైదరాబాద్ స్టూడియో వచ్చింది ఆంటీ. త్రీ నేమ్సే." శోభ పేరు చదివింది. మిగతా రెండూ తెలిసినవాళ్లవే. "మీది లేదు ఆంటీ. సారీ."

శోభ మీద ఒళ్లు మండింది. ఆ మడతలు సరిచేసింది తనే కదా అని సర్దిచెప్పుకున్నాను, పూర్తిగా కుదరలేదు.

రెండింటికి తిరుగు రైలెక్కాం. మావారి మెసేజ్ వచ్చింది. "వచ్చిందా? గ్రూప్‌లో అందరూ అడుగుతున్నారు."

నిత్య తొంగి చూసింది. "ఉంది అని పెట్టండి ఆంటీ. వాళ్లకి జాపనీస్ రాదు కదా. నన్ను అడిగితే నేను కూడా ఉంది అని చెప్తా."

పెట్టేద్దామనే అనుకున్నాను. రైలు నది కింద సొరంగంలోకి దిగి సిగ్నల్ పోయింది. అవతల తేలేలోపు హాల్లోని ఆ నవ్వు మళ్లీ చెవిలో వినిపించింది. సిగ్నల్ రాగానే మెసేజ్ పంపాను.

"నా పేరు రాలేదు. శోభది వచ్చింది. ముసలావిడ మూడోసారి గొడుగు దులిపితే మాత్రం హాలంతా నవ్వింది. గ్రూప్‌లో ఇలాగే పెట్టండి."