తిరుగు గంట

చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో మనుషులు పైకీ కిందికీ తిరిగే ఇనుప బోనులోకి ఎక్కగానే మూడు గంటలు కొట్టే పని చిన్నప్పది. పైన ఇంజను గదిలోంచి జవాబుగా తిరుగు గంటలు మూడూ వినబడితేనే బోను కదిలేది. గని మూతపడి ఇరవై ఏళ్లు దాటినా ఆ చెయ్యి ఊరుకోదు; బస్సెక్కినా, ఆటో ఎక్కినా మూడుసార్లు తడుతుంది. భార్య మునిలక్ష్మమ్మ రొమ్ములో గడ్డ వేగంగా పెరిగే క్యాన్సరని తేలిన ఐదో రోజే, ఆమెను మొదటి కీమోకు బయల్దేరదీశాడు. మారికుప్పంలో రైలు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీట్లు పట్టాడు. "ఆ గడ్డ పరిగెత్తతా ఉంటే మనం నడిస్తే ఎట్ల మే? ఈ పొద్దు మందు పడతాది, ఇంగ దాని పని అయిపాయ!" అని దారంతా ఒకటే హుషారు. ఆమె మాత్రం బంగారుపేట దాటినా చేతి గాజులు తిప్పుకుంటూనే ఉంది.

బెంగళూరు ఆసుపత్రిలో ఆమెను లోపలికి తీసుకుపోయి తలుపు మూశారు. చిన్నప్ప చెయ్యి దానంతటదే తలుపు మీద మూడు దెబ్బలు వేసింది.

"యాల తాతా తలుపు బాదేది?" అని బయటున్న నర్సు కసిరింది.

"తప్పయిపాయ తల్లీ," అంటూనే అతను తలుపుకు చెవి ఆనించాడు. లోపల మంచం కమ్మీ మీద గాజుల చెయ్యి మూడుసార్లు గట్టిగా కొట్టింది.

"తిరుగు గంట వచ్చేసినాది!" చిన్నప్ప కేక వరండా అంతా మోగింది. "ఇంగ ఎత్తండమ్మా పైకి!"