పేరు అడిగే స్క్రిప్టు

ఆ ఆసుపత్రి కంప్యూటర్ గదిలో అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు. ముందు అక్కడ పనిచేసింది ఆమె మరిది. అతను పిలిచే పిలుపే గదంతా పట్టుకుంది. తర్వాత అతను వేరే ఉద్యోగానికి వెళ్లిపోయినా వరస మాత్రం మిగిలిపోయింది. ఆ హక్కుతోనే వదిన కూడా మేనేజర్ని తప్ప అందర్నీ నువ్వు అంటుంది, తోచినప్పుడల్లా కసురుతుంది.

వదినకు నిదానమంటే గిట్టదు. టీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునే రకం. కొత్త ప్రోగ్రాములను సర్వర్లలోకి ఎక్కించడం ఆమె పని. దానికో స్క్రిప్టు ఉంది, కంప్యూటర్ తనంతట తానే వరసగా చేసుకుపోయే పనుల చిట్టా. ఒకసారి నడిపిస్తే చాలు, పాతదంతా తుడిచేసి కొత్తది పెట్టి, అంతా సరిగ్గా ఉందో లేదో అదే చూసుకుంటుంది. మనిషి వేలు పెట్టాల్సిన పనే లేదు, ఒక్క చోట తప్ప. సగం దారిలో, సరిగ్గా తుడిచే ముందు, అది టక్కున ఆగి అడుగుతుంది: “ఏ సర్వర్‌ని తుడవబోతున్నాను? పేరు టైప్ చెయ్యండి.”

ఆ ప్రశ్న పెట్టింది తాత. తాతంటే నిజం తాత కాదు, నలభై కూడా దాటలేదు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి కూడా ఆలోచించే మనిషి కాబట్టి ఆ పేరొచ్చింది. మొదట్లో స్క్రిప్టు తుడవమంటారా అని అడిగినప్పుడు అవునని కొడితే సరిపోయేది. కళ్లు చదవకముందే అందరి వేళ్లూ అవునని కొట్టేస్తున్నాయని తాత కనిపెట్టాడు, ప్రశ్న మార్చేశాడు. ప్రయోగాలు చేసుకునే సర్వర్ పేరు చిలక. రోగుల వివరాలన్నీ ఉండే అసలు సర్వర్ పేరు ఏనుగు; దాన్ని తుడిచే ముందు అన్నిటికీ కాపీ తీసి పెట్టుకుంటారు. స్క్రిప్టు ఏ సర్వర్ కిటికీలో నడిపిస్తే దాన్నే తుడుస్తుంది. ఇప్పుడు దాని పేరు ఎవరికి వారు కొట్టాల్సిందే, కలవకపోతే ఆగిపోతుంది.

“చిలకా ఏనుగూ అని కొట్టుకుంటూ కూర్చోడానికి ఇదేమన్నా పసిపిల్లల బడా?” అంది వదిన.

“తిట్టండి వదినా, పర్లేదు. దాన్ని మాత్రం తియ్యను,” అన్నాడు తాత.

వదిన ఊరుకుంటుందా? మేనేజర్ చెవినిల్లు కట్టుకుని పోరింది. చివరికి ఒకరోజు పొద్దున ఆయన విసుగొచ్చి, సరే, వచ్చే సోమవారం నుంచి ఆ ప్రశ్న తీసేయండన్నాడు. వదిన విజయగర్వంతో సీటుకొచ్చింది.

అదే రోజు ఏదో చూసుకోవడానికి ఏనుగులోకి వెళ్లింది. చూడడం అయ్యాక దాన్ని మూయడం మరిచిపోయి, పక్కనే చిలకను తెరిచింది. తెర మీద రెండూ ఒకేలాంటి నల్లటి కిటికీలు. ఇంతలో కూతురు ఫోన్ చేసింది, తన కొత్త చెప్పులు ఎక్కడ దాచావంటూ. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, కూతురికి జవాబు చెబుతూనే వదిన స్క్రిప్టు నడిపించింది. అది ఎప్పటిలాగే ఆగి పేరడిగింది. ఆమె ఎప్పటిలాగే చిలక అని కొట్టింది.

“పేరు కలవలేదు. ఆపేస్తున్నాను,” అంది తెర.

మళ్లీ నడిపించింది. మళ్లీ అదే మాట. తాత స్క్రిప్టు పాడైందనుకుని పళ్లు నూరుతూ, అతన్ని నాలుగు దులుపుదామని లేచింది. లేస్తూ లేస్తూ ఆ కిటికీ పైనున్న పేరు చూసింది. ఏనుగు.

వదిన కుర్చీలో కూలబడింది. నిన్నటిదాకా ఉన్న రోగుల వివరాలకి కాపీ ఉంది. ఇవాళ పొద్దుట్నుంచి వార్డుల్లో రాసినవాటికి ఇంకా లేదు. అవునని కొట్టే రోజులైతే ఈపాటికి అవన్నీ గాల్లో కలిసిపోయేవి.

“అమ్మా, ఉన్నావా?” అంటోంది ఫోన్లో కూతురు.

“ఉన్నానే తల్లీ. తలుపు వెనక చూడు,” అని పెట్టేసి కళ్లు తుడుచుకుంది.

ముందు మేనేజర్ గదికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆ ప్రశ్న తీయొద్దు సార్ అని బతిమాలుకుంది. ఆ తర్వాత తాతను వెతుక్కుంటూ బయల్దేరింది. అతను పైనున్న వార్డులో ప్రింటర్ బాగుచేస్తున్నాడట.

వార్డు గుమ్మానికి మందుల బండి అడ్డంగా ఉండి ఆమె ఆగాల్సొచ్చింది. ఓ నర్సు సూదిలోకి మందు ఎక్కించబోతూ పక్కనున్న తెర వంక చూసి, మందు సీసాను తిరిగి ట్రేలో పెట్టేసింది.

“ఈవిడకి ఇది పడదట. పొద్దున చేర్చుకున్నప్పుడు రాశారు,” అని ఇంకో నర్సుతో చెప్పి, వేరే మందు కోసం వెళ్లింది. మంచం మీది ముసలావిడ గోడవైపు తిరిగి హాయిగా నిద్రపోతోంది. వదిన ఆవిడ వీపు వంకే చూస్తూ నిలబడిపోయింది. దేవుడా, ఆ ఒక్క లైనూ ఉంది, చాలు అనుకుంది.

వార్డు చివర తాత నేల మీద కూర్చుని ప్రింటర్లోంచి నలిగిన కాగితం లాగుతున్నాడు.

“ఏంటి వదినా, మళ్లీ పేరడిగిందా?”

“అడిగింది నాయనా. అడగబట్టి బతికిపోయాం,” అని వదిన జరిగిందంతా చెప్పింది. “నిన్ను ఎన్ని మాటలన్నానో. నీకెలా థ్యాంక్స్ చెప్పాలో కూడా తెలీట్లేదు.”

తాత మసి అంటిన చేతులు ప్యాంటుకు తుడిచేసుకున్నాడు.

“నేను రాసిన స్క్రిప్టులు చాలా ఉన్నాయి కదా. అవేవీ ఎవర్నీ ఏమీ అడగవు,” అంది వదిన. “వాటిల్లో కూడా ఇలాంటిది పెట్టాలి. నేర్పిస్తావా?”

“నేర్పిస్తాను గానీ వదినా, ఒక్కోదాన్నీ మొదట్నుంచీ చదువుకుంటూ రావాలి. టైం పడుతుంది.”

వదిన పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

“పట్టనీ,” అంది.