నాలుగు డిస్కులు, రెండు చెప్పులు

మానుకోటలో పెళ్లి వీడియోలు తీసే మా రహ్మాన్ భాయ్‌కి ఒకటే పిచ్చి. ఒకే దుకాణంలో రెండు వస్తువులు కొనడు. చస్తే కొనడు!

స్టూడియోలో డిస్కుల డబ్బా ఒకటుంది. మేం తీసిన పెళ్లిళ్లన్నీ అందులోని నాలుగు డిస్కుల మీద పరిచి ఉంటాయి. ఒకటి పోతే మిగతా మూడూ కలిసి దాని వాటా లెక్కగట్టి ఇస్తాయి. రెండు పోయాయా, పెళ్లిళ్లన్నీ గోవిందా! అందుకని భాయ్ ఒకటి మానుకోటలో, ఒకటి జనగామలో, ఒకటి భూపాలపల్లిలో, ఒకటి హన్మకొండలో కొన్నాడు.

"ఒక్కతాన కొంటే ఏమైతది భాయ్?" అని విసుక్కున్నాను. ఎడిటింగు మానేసి ఆ ఊళ్లన్నీ ఆయన వెంట తిరిగింది నేనే మరి.

"ఒక్క దినం పుట్టినయి ఒక్కపారే మంచం పడ్తయి తమ్మీ!"

సరే, డిస్కులంటే డిస్కులు. టమాటాలు కూడా నలుగురు అవ్వల దగ్గర తలా పావుకిలో కొనడమేమిటి? "ఒకటి పండు, ఒకటి కాయ. కూర ఎట్ల ఉడుకుతది?" అని ఆయన భార్య రబియా బీ తల బాదుకునేది. ఇక చెప్పులు! ఎదురెదురు దుకాణాల్లో రెండు జతలు కొని, ఎడమకాలికి నల్లది, కుడికాలికి ఎర్రది వేసుకుని ఊరంతా తిరుగుతాడు.

మొన్న ఎండాకాలం కొత్తగూడ దగ్గరి తండా నుంచి మౌనిక వచ్చింది, వెంట వాళ్ల రామి అవ్వ. మౌనిక పెళ్లి తీసింది మేమే.

"భాయ్, మా పెండ్లి వీడియో పెన్‌డ్రైవ్ ఖరాబైంది. అవ్వకు గొంతు ఆపరేషన్ అయింది, ఇగ పాడలేదు. నన్ను సాగనంపేటప్పుడు పాడింది గద, గా పాట గావాలె. ఇంకేడ లేదు."

భాయ్ డబ్బా వైపు చూశాడు. భూపాలపల్లి డిస్కు మీద ఎర్రలైటు! అది పోయిందన్నమాట.

"కొత్త డిస్కు తర్వాత. ముందు పాట! తమ్మీ, ఎడిటింగ్ బంద్ చెయ్. డబ్బా బలమంతా గీ పాటకే గావాలె."

పాట బయటికి రావడం మొదలైంది, చీమలా. అంతలో జనగామ డిస్కు కిర్రుమంది. భాయ్ లేచాడు, కూర్చున్నాడు, ఫ్యాను డబ్బా వైపు తిప్పాడు, చాయ్ తెప్పించి తాగడం మరిచాడు.

"ఏమన్న అయితదా భాయ్?" అంది మౌనిక.

"ఏం గాదు బిడ్డా... జర కుర్చీ ఊపకు."

జనగామది మూలుగుతూనే నిలబడింది. పాట మొత్తం వచ్చింది! తెరమీద పాడుతున్న తనను చూసుకుని అవ్వ పెదవులు కదిపింది. నేను దాన్ని కొత్త పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. అవ్వ భాయ్ కాళ్లకేసి చూసి, చప్పుడు లేకుండా ఒళ్లంతా ఊగేలా నవ్వి, మౌనికను లాక్కుపోయి కొత్త చెప్పుల జత తెచ్చింది.

భాయ్ మొహం మాడిపోయింది. ఒకటే తొడుక్కున్నాడు.

"అవ్వ ప్రేమతో తెస్తే జత ఏస్కోవా?" అని కసిరాను.

"మెల్లగ తమ్మీ! గా ఎదురెదురు దుకాణాలు అన్నదమ్ములయి, మాటల్లేవ్. గీ పెద్దోని జోడు ఏస్కొని చిన్నోని ముంగట ఎట్ల నడుస్త?"

"మరి టమాటాలు?"

"నలుగురు అవ్వలు వరుసగ కూసుంటరు. ఒక్కదాని కాడ ఆగితే కడమోళ్లు నా మొకం సూస్తరు."

"మరి డిస్కులు?"

"గదొక్కటే, నిజంగ డిస్కుల కోసమే!"

అవ్వ అంతా వింది. నుదురు కొట్టుకుని, ఈసారి చిన్నోడి దుకాణంలో ఇంకో జత కొనుక్కొచ్చింది. జతకొకటి చొప్పున భాయ్ కాళ్లకు తొడిగించి, మిగిలిన రెండూ, సైజు పెద్దవైనా, తానే వేసుకుని టపటపలాడిస్తూ కొత్తగూడ బస్సెక్కింది.