ఆకుపచ్చ కవరు

ఎడారిలో ఏటి ఒడ్డున గుడారం వేసుకుని రెండు రోజులు ఉండబోతున్నామన్న కబురు నాకు మొదట మోసుకొచ్చింది మా తోడికోడలు. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోంచే, "అక్కా, ఎవరో క్యాన్సిల్ చేసుకుంటే మనకి క్యాంప్‌సైట్ దొరికింది! చలికాలం నుంచీ ట్రై చేస్తున్నా," అంది.

"కెనడాలో ఎడారేమిటే?" అన్నాను.

"రా, చూద్దువుగాని. కొండలన్నీ బూడిదా ఇటుకపొడీ పొరలు పొరలుగా పేర్చినట్టుంటాయి. కింద కాక్టస్. పక్కనే రివర్. అక్కడి సన్‌సెట్ చూస్తే నువ్వే దణ్ణం పెడతావు."

దణ్ణం పెట్టడానికి నాకు పెద్ద కారణాలు అక్కర్లేదు. అది మా అమ్మ చేసిన అలవాటు. చిన్నప్పుడు ఉబ్బసం నన్ను బడికి వెళ్ళనివ్వలేదు. అక్షరాలైనా లెక్కలైనా వంటింట్లో అమ్మ పక్కన కూర్చునే నేర్చుకున్నాను. నాకు చదవడం రావాలని ఆమె అరచేతంత పుస్తకం ఒకటి కుట్టి, రోజూ చదువుకునే స్తోత్రాలు గుండ్రటి పెద్ద అక్షరాలతో అందులో రాసిచ్చింది. చివరి పేజీలో, 'పడుకునే ముందు ఇవాళ అందినవాటికి దణ్ణం పెట్టుకో' అని రాసింది. అమ్మ పోయాక ఆమె చేతిరాతలో నాకు మిగిలింది ఆ పుస్తకం ఒక్కటే. ఫోన్లో ఫోటోలు తీసిపెట్టుకోమని మావారు ఎన్నోసార్లు చెప్పారు. రేపు రేపు అంటూ గడిపేశాను. పొద్దున్నే అది చదవందే పచ్చి మంచినీళ్ళయినా ముట్టను కాబట్టి, అదీ నాతోపాటు బయల్దేరింది.

మరిదికి డ్యూటీ పడింది. మేమిద్దరం, తోడికోడలు, పదేళ్ళ దాని కూతురు, మొత్తం నలుగురం ఎడ్మంటన్ నుంచి నాలుగు గంటలు కార్లో వెళ్ళాం. మావారూ నేనూ ఈ దేశం వచ్చి అప్పటికి ఎనిమిది నెలలే. క్యాంప్‌గ్రౌండ్ గేటు దగ్గర ఒక కర్రకి చిన్న డబ్బా బిగించి ఉంది. అందులోంచి ఆకుపచ్చ కవర్లు చుట్టగా వేలాడుతున్నాయి. పైన కుక్క బొమ్మ ఉంది. కుక్కల్ని వదలొద్దని కాబోలు అనుకున్నాను. కొత్త కవర్లు, పైగా ఉచితం. వచ్చినవాళ్ళ వస్తువులకి దుమ్ము పట్టకుండా ఎంత ముందుచూపు, చల్లగా ఉండాలి ఈ ప్రభుత్వం, అని మనసులోనే దణ్ణం పెట్టుకుని ఒకటి చింపుకున్నాను. అమ్మ పుస్తకం అందులో పెట్టి గట్టిగా ముడి వేశాను.

ఆ తరవాత దణ్ణం పెట్టదగ్గది నాకేమీ కనిపించలేదు.

ఏరు అంటే స్నానం చేద్దామని ఆశపడ్డాను. పాలు తక్కువైన టీ రంగు నీళ్ళు. అడుగు పెడితే బురద మోకాలి కిందిదాకా పట్టేసి చెప్పు లాక్కుంది. ఒడ్డున నురగ, ఆ నురగలో కడుపుబ్బిన చేపొకటి, దాన్ని నాకుతూ ఎవరిదో కుక్క. మాకిచ్చిన చెక్కబల్ల మీద ముందువాళ్ళు ఒలకబోసిన సాసు ఎండిపోయి మోచేతులకి అతుక్కుంది. నిప్పులగూడు మీది ఇనపకమ్మీలకి ఎన్నేళ్ళదో మాంసం కొవ్వు నల్లగా గడ్డకట్టి ఉంది.

"కాలితే అన్నీ శుద్ధేనే," అన్నారు మావారు.

"అయితే మీరు దాన్ని నాకండి," అన్నాను. నా నోట అలాంటి మాట రావడం ఆయన ఎప్పుడూ వినలేదు.

పక్కవాళ్ళు సాసేజీలు కాలుస్తుంటే ఆ పొగ నేరుగా మా పులిహోర మీదికే వచ్చింది. దోమలు పోపుగింజల్లా పులిహోరలో పడ్డాయి. తాగేనీళ్ళ కుళాయి దగ్గర ఒకాయన చేపలు కడుగుతున్నాడు. ఆయన వెళ్ళాక చూస్తే కుళాయి మూతికి పొలుసులు అంటుకుని ఎండకి మెరుస్తున్నాయి. నా బాటిల్ నింపుకోవాల్సింది అక్కడే.

ఇక మరుగుదొడ్డి. చెక్క గది, కింద గొయ్యి, నీళ్ళు లేవు. పగలంతా కాసిన ఎండకి లోపల ఉడికిన ఆ వాసన ముక్కుతో పోదు, నాలుక మీద కూర్చుంటుంది. తొడల మీద ఈగలు. చున్నీ ముక్కుకి చుట్టుకుని, నీళ్ళ బాటిల్ చంకలో పెట్టుకుని, చెయ్యి దేనికీ తగలకుండా మోచేత్తో తలుపు నెట్టుకుంటూ బయటపడ్డాను.

ఎదురుగా ఒక ముసలావిడ ఉంది. పసుపు గ్లవ్స్, బకెట్, బ్రష్. ఆ దొడ్లు కడిగే మనిషి. నన్ను చూసి నవ్వి, కొత్త టాయిలెట్ పేపర్ చుట్ట ఒకటి చేతికి ఇవ్వబోయింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆ గ్లవ్స్‌కి జడిసి వేశానంటే అబద్ధం. ఆ గోతి కంపంతా ఆ మనిషిదే అన్నట్టు ఆవిణ్ణి చూసి వేశాను. ఆవిడకి అర్థమైంది. చుట్ట లోపల పెట్టేసి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి దణ్ణం పెట్టకుండానే పడుకున్నాను.

మర్నాడు పొద్దున ఏటి ఒడ్డున కూర్చుని చదువుకుందామని పుస్తకం తీసుకుని బయల్దేరాను. ముందు దొడ్డికి వెళ్ళాలి. దేవుడి పుస్తకంతో అలాంటి చోటికి ఎలా వెళ్ళను? దారి పక్కన ఒక పొద ఉంది. దాని కొమ్మకి అలాంటివే రెండు ఆకుపచ్చ కవర్లు ముడివేసి వేలాడుతున్నాయి. నాలాంటి భక్తులెవరో ఈ దేశంలోనూ ఉన్నారు, ఆచారం తెలిసినవాళ్ళు, అనుకున్నాను. వాటి పక్కనే నాదీ తగిలించి లోపలికి వెళ్ళాను.

బయటికి వచ్చేసరికి కొమ్మ ఖాళీ. మూడూ లేవు.

గుడారం దగ్గరికి పరుగెత్తి చెప్తే ముందు పిల్లకి అర్థమైంది. "ఓ మై గాడ్, పెద్దమ్మా! దట్స్ ఫర్ డాగ్ పూప్!"

"ఏమిటే అది?"

తోడికోడలు పకపకా నవ్వేసింది. "కుక్క దొడ్డికెళ్తే అందులో ఎత్తి ముడేస్తారక్కా. మళ్ళీ వచ్చేటప్పుడు తీసుకెళ్దామని కొమ్మలకి తగిలిస్తారు. నువ్వు దేవుణ్ణి తీసుకెళ్ళి..." నా మొహం చూసి ఆగిపోయింది. "ఏ పుస్తకం? మీ అమ్మగారు రాసిందా?"

అవునని తలూపి గేటు వైపు పరుగెత్తాను.

గేటు దగ్గర ముసలావిడ తన చిన్న ట్రక్కులో చెత్త సంచులు సర్దుతోంది. తోడికోడలు ఇంగ్లీషులో చెప్పింది. "మై మదర్, మై మదర్స్ హ్యాండ్," అంటూ నేను గాలిలో రాసి చూపించాను. ఆవిడ నవ్వలేదు. "పొద్దుట్నించీ తీసినవన్నీ దీంట్లోనే ఉన్నాయి, హనీ," అని ఒక సంచి దించింది. నేల మీద టార్పాలిన్ పరిచి సంచి బోర్లించింది.

అన్నీ ఆకుపచ్చవే, అన్నీ ముడివేసినవే. కొన్ని పగిలాయి. ఎండెక్కుతోంది. మావారు ముక్కు మూసుకుని అవతలికి తిరిగారు. తోడికోడలు పొద వెనక్కి పోయి డోకుకుంది. ఆవిడ మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ వేళ్ళతో నొక్కి చూడసాగింది. మెత్తగా ఉంటే పక్కన పడేస్తోంది.

"నాకూ గ్లవ్స్ ఇవ్వమను," అన్నాను తోడికోడలితో.

ఉన్నది ఒక్క జతే. ఆవిడ కుడిచేతిది తీసి నాకిచ్చింది. లోపల చెమటకి తడిగా, వెచ్చగా ఉంది. తొడుక్కున్నాను. ఆవిడ కుడిచెయ్యి ఖాళీ. చర్మం ముడతలు పడి, గోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. ఆ ఖాళీ చేత్తోనే వెతుకుతూ పోయింది. నేను నాలుగు నొక్కానో లేదో డోకొచ్చి పక్కకి వంగాను. నోరు తుడుచుకుని ఇటు తిరిగేసరికి ఆవిడ ఒక కవరు ఎత్తి పట్టుకుని ఉంది. పలకలా ఉంది. నాలుగు మూలలూ తెలుస్తున్నాయి.

ముడి విప్పలేదు. కవరుని తన చొక్కా అంచుతో తుడిచింది. రెండుసార్లు తుడిచి, చెయ్యి నా వైపు చాచి, అక్కడే ఆగింది. నేను మళ్ళీ వెనక్కి అడుగు వేస్తానేమోనని చూస్తోంది.

గ్లవ్ తీసేసి రెండు చేతులతో అందుకున్నాను. ఏ దేవుడికి పెట్టినా అలాగే పెడతాను దణ్ణం, ఆవిడకీ అలాగే పెట్టాను. "ఇట్స్ ఓకే, ఇట్స్ ఓకే," అంటూ ఆవిడ మిగతావన్నీ సంచిలోకి ఎత్తుకుంది.

లోపల పుస్తకానికి ఏమీ కాలేదు. కారులోనే ప్రతి పేజీకీ ఫోటో తీశాను. గంధం పొడి చల్లి మూడు రోజులు గుడ్డలో కట్టి ఉంచినా, తెరిచినప్పుడల్లా ఆ కంపు ఇప్పటికీ తగులుతుంది. కాగితంలో ఉందో నా ముక్కులోనే ఉందో చెప్పలేను. మళ్ళీ క్యాంపింగ్‌కి రమ్మని తోడికోడలు అడిగితే చేతులెత్తి మొక్కేశాను. ఆ ఏరు, ఆ బల్ల, ఆ గొయ్యి తలుచుకుంటే ఇది రాస్తున్నప్పుడు కూడా ఒళ్ళు జలదరిస్తోంది. అందులో ఏదీ నాకు నచ్చలేదు, నచ్చిందని రాయను.

ఆవిడ పేరు అడగడం మాత్రం మర్చిపోయాను. అందుకే చదివినవారికి ఒక్క మనవి. దారి పక్కన కొమ్మకి ఆకుపచ్చ కవరు వేలాడుతూ కనిపిస్తే ముక్కు తరవాత మూసుకోండి. ముందు, మా అమ్మ అక్షరాల కోసం గ్లవ్ లేని చేత్తో వెతికిన ఆ ముసలావిణ్ణి ఒక్కసారి తలుచుకోండి.