పత్తి గదిలో నాయన గొంతు

గోడకు నిలబెట్టిన పాత పరుపులోంచి పత్తి వాసన వస్తోంది. నంద్యాలలో నేనుండే గదికి పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే; కింద నాపరాయి, పైన సిమెంటు, పక్కన అద్దాల బీరువా. ఇందులో నా నడుమెత్తు స్పీకర్లు రెండు పెట్టి నాయన పాడిన తత్వం వేస్తే పాట రాదు, బావిలో బిందె పడ్డ మోత వస్తుంది. చెప్పుల అంగడివాడు కూడా పాదం చూసి చెప్పు తీస్తాడు. వీటిని అమ్మినవాడు గది ఎంతని అడగనే లేదు. చిన్నవి ఇమ్మని మళ్ళీ పోతే, "అట్టపెట్టె చించినాక యాడ తీసుకుంటామప్పా?" అన్నాడు. పుస్తకాలు తెచ్చుకుని నేనే చదివాను: మూలల్లోంచి ఇవతలికి జరపాలట, గోడలకు మెత్తనివి అడ్డం పెట్టాలట. జరిపితే తలుపు తెరుచుకోదు. ఇక మిగిలింది పరుపే.

ఆళ్ళగడ్డ పక్కన మా పల్లెలో చలికాలం వచ్చిందంటే నడిమింట్లో కాలు పెట్టే సందుండేది కాదు. నల్లరేగడి చేలో ఏరిన పత్తిని దూలాల దాకా పోసి, ధర పలికేదాకా దానితోనే కాపురం చేసేవాళ్ళం. అమ్మ జొన్నరొట్టె మీద ఊరుబిండి వేసిస్తే ఆ కుప్ప మీదే తిని, ఆ కుప్పలోనే దాక్కుని, నెత్తంతా తెల్లగా ముసలోళ్ళమై బయటికొచ్చి దెబ్బలు తినేవాళ్ళం. ఆ గదిలో మాట ఎంతుంటే అంతే వినబడేది. దాని వెనక మోత తోక ఉండేది కాదు.

కువైట్ నుంచి మామ టేప్ రికార్డర్ తెచ్చిన ఏడు, ఉగాది భక్ష్యాలు తిన్నాక, నాయనను ఆ పత్తి మీదే కూర్చోబెట్టాడు.

"పాడు బావా."

"ఏందప్పా, ఈ పెట్టె నా గొంతు మింగుతాందా?" అన్నాడు నాయన.

"మింగనీలే, మేం గూడా సుఖపడతాం!" అంది వంటింట్లోంచి అమ్మ.

నాయన నవ్వాపుకుని పాడాడు. అక్క అప్పుడు అత్తగారింట్లో ఉంది. ఆమె వచ్చేలోపు మామా మళ్ళీ కువైట్ పోయాడు, ఆయనతో పెట్టే పోయింది. టేపు మాత్రం నా సామాన్లలో ఎక్కడో పడి ఉండి, నాయన పోయిన ఇన్నేళ్ళకు మొన్న గది దులుపుతుంటే దొరికింది. ఒకాయన దాన్ని ఫోన్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. అక్కకు వినిపించాలనే ఈ స్పీకర్ల యాతనంతా.

నిన్న అక్క ఆళ్ళగడ్డ బస్సు దిగి వచ్చింది. మంచం మీద కూర్చుని తల వంచి విన్నది.

"బాగనే పాడినాడురా. ఎవురీయప్ప?"

"నాయనక్కా!"

"పోరా. మన నాయనది ఇంత లావు గొంతా?"

ఫోన్ తీగ చెవిలో పెట్టుకోమన్నాను. "చెవుల్లో పుల్లలు పెట్టుకునేదానికి ఇంత దూరం వచ్చినానా?" అంది.

ఇప్పుడు పత్తి చేలోంచే లారీ ఎక్కుతుంది. ఆ నడిమిల్లూ లేదు, దూలాలూ లేవు. ఉన్నవి పరుపులే. ఇందాక అక్కను లేపి, ఆమె కూర్చున్న పరుపును రెండో గోడకు నిలబెట్టాను, మంచాన్ని అడ్డంగా ఎత్తి మూలకు ఆనించాను, బొంతలన్నీ తెచ్చి నాపరాయి మీద కుప్ప పోశాను. మోత కొంచెం తగ్గినట్టే ఉంది. నాయన ఎక్కడో ఆ మోత అడుగున ఉన్నాడు.

అక్క గడప అవతల నిలబడి చూస్తోంది.

"నన్ను యాడ కూర్చోమంటావురా?"

చుట్టూ చూశాను. నిజమే, చోటు లేదు.