మా మేడం నీళ్ల కోర్సు

మా మేడం పోయారన్న కబురు నాకు భామ్రాగడ్‌లో అందింది. వాన జోరుగా పడుతోంది. నేను పాఠం చెబుతుంటే ప్యూను తలుపు దగ్గర నిలబడి, సిరొంచ నుంచి ఫోన్ వచ్చిందని చెప్పాడు. అవతల మా పాత ప్రిన్సిపాల్ గారు. "మన కెమిస్ట్రీ మేడం పోయింది," అన్నారు. పొద్దున చాయ్ తాగి, పేపరు చూస్తూ కుర్చీలోనే ఒరిగిపోయారట. వెంటనే బయల్దేరుదామంటే ఊరి బయట నది వంతెన మీదికెక్కింది. నీళ్లు తగ్గి, బస్సు కదిలి, నేను సిరొంచ చేరేసరికి అన్నీ అయిపోయాయి. వసారాలో కూర్చున్న మేడం భర్త నన్ను చూసి, "బువ్వ తిన్నవా?" అని అడిగారు. ఎన్నేళ్లు ఆ ఇంటికి వెళ్లినా మొదటి ప్రశ్న అదే. అప్పటిదాకా ఆగిన ఏడుపు ఆ మాటకు వచ్చింది.

కానీ ఆమె గురించి రాద్దామని కూర్చుంటే మాత్రం నవ్వే ముందుకొస్తోంది. ఆమెను ఎరిగిన వాళ్లెవరికైనా అంతే అనుకుంటాను.

నేను సిరొంచ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి కాంట్రాక్టు మీద చేరినప్పుడు, స్టాఫ్ రూములో నా కుర్చీ ఆమె పక్కన పడింది. అప్పటికి ఆమెకు రిటైర్మెంటు ఎంతో దూరంలో లేదు. సుద్దముక్కను వడ్రంగి పెన్సిలులా చెవి మీద పెట్టుకుని, మరిచిపోయి, ఇంకో సుద్దముక్క కోసం బల్లంతా వెతికేవారు. డబ్బాలో ఎప్పుడూ ఇద్దరికి సరిపడా అన్నం, చేపల పులుసు ఉండేవి. ఆ రెండో మనిషి ఎవరన్నది ఆ రోజు ఎవరు దొరికితే వాళ్లు. నన్ను మొదటి రోజు నుంచే "తమ్మీ" అన్నారు. పిల్లల ముందు మాత్రం "సార్" అనేవారు, అదీ కొంచెం నవ్వు ఆపుకుంటూ.

మేడం అమ్మానాన్నలు ఇక్కడి వరి పొలాల్లో కూలికి పోయినవాళ్లు. ఆ ఇంట్లో నాగపూర్ దాకా వెళ్లి చదివిన మొదటి మనిషి ఆమె. అక్కడ హాస్టల్లో పుస్తకం కొనే తాహతు లేక, తోటి అమ్మాయి నిద్రపోయే వేళ చూసి ఆమె పుస్తకం అడిగి తెచ్చుకుని, కెమిస్ట్రీ మొత్తం నోటుబుక్కులోకి చేత్తో ఎత్తి రాసుకున్నారు. ఈ సంగతి ఆమె గొప్పగానో బాధగానో చెప్పేవారు కాదు. తన రాత అంత అందంగా ఎందుకుంటుందో చెప్పాల్సి వచ్చినప్పుడు చెప్పేవారు.

ఒక వానాకాలం రేగుంట దాటినాక ఉండే ఒక పల్లెలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మా కాలేజీలో చదివే ఒక అమ్మాయిది ఆ ఊరే. ఆమె చిన్న తమ్ముడు చనిపోయాడు. మేడం చూసి రావడానికి వెళ్లారు, నేనూ తోడు వెళ్లాను. తిరిగి వచ్చి బస్సు దిగాక అన్నారు:

"ఇన్నేండ్ల సంది కెమిస్ట్రీ చెప్తున్న తమ్మీ. ఊర్లె నీళ్లు మంచియా చెడ్డయా చెప్పెటోళ్లు ఒక్కలు లేరు. ఇగ నేను ఏం చెప్తున్నట్టు?"

అలా మొదలైంది నీళ్ల కోర్సు. పదో, పన్నెండో చదివిన పిల్లలకు తాగేనీటిని పరీక్షించడం, శుద్ధి చేయడం, ఊరివాళ్లకు నచ్చజెప్పడం నేర్పి, ఒక సర్టిఫికెట్ ఇచ్చే చిన్న కోర్సు. ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. కానీ చెప్పడానికి పుస్తకం లేదు. ఉన్న పుస్తకాలు పట్నం నీటి సరఫరా గురించి, ఇంజనీర్ల కోసం రాసినవి.

కాలేజీలో ఒక కంప్యూటరు, దానికి టెలిఫోన్ లైను మీద నడిచే ఇంటర్నెట్టు ఉండేవి. నడిచే అనడం మర్యాదకే. అది కీచుమని కూత పెట్టి కలవబోతుంటే మేడం దాని ముందు కూర్చుని, "లే బిడ్డా, లే, జర ఒక్కసారి లే," అని పసిపిల్లను లేపినట్టు లేపేవారు. అలా లేచిన ఒక రోజున ఒక విదేశీ విశ్వవిద్యాలయం వాళ్ల పాఠం తెర మీద మెల్లగా పైనుంచి కిందికి విచ్చుకుంది. తాగేనీటి గురించే. మొదటి పేజీలో ఒక చిన్న మాట ఉంది: దీన్ని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, తమ అవసరానికి మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు, మా పేరు చెప్పండి, చాలు.

మేడం ఆ మాటను మళ్లీ మళ్లీ చదివారు. నన్ను కూడా చదవమన్నారు, తనకు ఇంగ్లీషు సరిగా అర్థమైందో లేదోనని. "మార్చుకోవచ్చు అంటుండ్రు గదా? నిజంగనే అంటుండ్రా?" అని అడిగారు. నిజంగానే అంటున్నారన్నాను. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ కూర్చున్నారు. హాస్టల్లో అడిగి తెచ్చుకుని రాసుకున్న ఆ పుస్తకం గుర్తొచ్చి ఉంటుంది. ఇప్పుడు వీటిని స్వేచ్ఛా విద్యా వనరులు అంటున్నారు. అప్పుడు మాకు ఆ పేరు తెలియదు. మేడం వాటిని "అడిగే పనిలేని పుస్తకాలు" అనేవారు.

మా లైను మీద ఆ పాఠాలు దిగేసరికి మేమిద్దరం రిటైరయ్యేలా ఉన్నాం. కాబట్టి సెలవు రోజు చూసుకుని, పడవలో నది దాటి, అవతల బస్సు పట్టుకుని మంచిర్యాల నెట్ సెంటరుకు వెళ్లేవాళ్లం. మొదటిసారి నేను కనబడ్డ పాఠమల్లా దించి సీడీల్లో ఎక్కించాను. వచ్చేటప్పుడు పడవలో ఆ సీడీల కట్ట చూపించి మెచ్చుకుంటారేమోనని చూశాను.

"సంతకు పోయి కనబడ్డదల్లా తెస్తే కూర ఎట్లయితది తమ్మీ?" అన్నారు. "కోర్సు అయిపోయినంక మన పిల్ల ఊర్లెకు పోయి ఏం చెయ్యాలె? ఫస్టు అది రాయి. దానికి ఏది పనికొస్తదో అదే తెద్దాం."

మర్నాడు ల్యాబు నల్లబల్ల మీద ఆమే రాశారు. కోర్సు చదివిన పిల్ల సీసాలో నీళ్లు సరిగా పట్టగలగాలి. ఫలితం చదవగలగాలి. బావిలో బ్లీచింగు ఎంత వేయాలో లెక్క కట్టగలగాలి. అన్నిటికన్నా కింద, పెద్ద అక్షరాలతో: కోపానికొచ్చిన మనిషికి నచ్చజెప్పగలగాలి. ఈ చివరిదానికి ఏ విశ్వవిద్యాలయంలోనూ పాఠం దొరకలేదు. అది తనే రాసుకున్నారు. మిగతావాటికి దించిన పాఠాల్లోంచి ఏరి, కోసి, అతికించాం.

మార్చడం మొదలుపెట్టాక తెలిసింది అసలు పని. ఆ పాఠంలో, నల్లా తిప్పి కాసేపు నీళ్లు వదిలి తర్వాత సీసా పట్టమని ఉంది. మా పల్లెల్లో నల్లా ఎక్కడిది? బోరింగు కొట్టాలి, లేకపోతే బావిలో బొక్కెన వేయాలి. వాగు పక్కన చెలిమె తోడుకునే ఊళ్లున్నాయి. ఆ పాఠంలో చలికాలం పైపులు గడ్డకడితే ఏం చేయాలో ఒక పూర్తి భాగం ఉంది. మేడం దాన్ని తీసేస్తూ, "పాపం, వాళ్ల పరేషానీ వాళ్లది," అన్నారు. ఆ చోట వాగులు పొంగి రోడ్డు తెగితే ఏం చేయాలో రాశారు. కాలేజీలో చదువు మరాఠీలో కాబట్టి మరాఠీలో రాసి, పిల్లల ఇళ్లలో మాట్లాడే తెలుగు మాటలు, గోండి మాటలు పక్కన చేర్చారు. గోండి మాటలు భామ్రాగడ్ నుంచి వచ్చిన విద్యార్థులు చెప్పారు. ప్రతి పేజీ కింద, ఇది ఎవరి పాఠం నుంచి తీసుకున్నాం, ఏం మార్చాం అని చిన్న అక్షరాల్లో ఉండాల్సిందే. నేను మరిచిపోతే పేజీ వెనక్కి వచ్చేది.

రోగక్రిముల గురించి ఒక బొమ్మల పాఠం ఆమెకు తెగ నచ్చింది. కానీ దాని ముందు పేజీలో, పంచుకోవచ్చు కానీ మార్చకూడదని ఉంది. సిరొంచలో మనం మారిస్తే ఎవరు చూడొచ్చారని ప్రిన్సిపాల్ గారు నవ్వారు. ఆమె ఒప్పుకోలేదు. పాఠం రాసినాయనకే ఈమెయిలు పంపారు. తర్వాత మంచిర్యాల వెళ్లినప్పుడల్లా ముందు అదే చూసేవారు. కొన్ని వారాలకు జవాబు వచ్చింది. సంతోషంగా మార్చుకోండి, అయితే మార్చినదాన్ని ఇంగ్లీషులో మాక్కూడా పంపండి, ఇంకెవరికైనా పనికొస్తుంది అని. మేడం ఆ రోజు నెట్ సెంటరులో ఉన్న అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించారు.

కోర్సుకు అనుమతి ఇవ్వడానికి మా విశ్వవిద్యాలయం నుంచి ఒక కమిటీ వచ్చింది. అనుమతి లేకపోతే సర్టిఫికెట్ లేదు, సర్టిఫికెట్ లేకపోతే ఆడపిల్లల్ని పల్లెల నుంచి ఎవరూ పంపరు. కమిటీలో వేరే కాలేజీ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి మా పుస్తకం తిరగేసి, ఇదంతా ఇంటర్నెట్ నుంచి ఎత్తుకొచ్చిందే కదా, దొంగసొత్తుతో కోర్సు నడుపుతారా అని మరాఠీలో గట్టిగానే అడిగారు. మేడం నవ్వుతూ లేచి, అవును సార్, తెచ్చిందే అన్నారు. ఎక్కడి నుంచి తెచ్చామో ప్రతి పేజీ కింద చూపించారు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు అన్న మొదటి పేజీ మాటను మరాఠీలో చదివి వినిపించారు. ఈమెయిలు జవాబు కాగితం ముందు పెట్టారు. చివరికి, మా పుస్తకం మీద కూడా అదే మాట రాశాం, మీ కాలేజీకి కావాలంటే ఇప్పుడే తీసుకెళ్లండి, అడిగే పనిలేదు అన్నారు. ఆయన మరి కాసేపు పేజీలు తిప్పారు. వెళ్లేటప్పుడు ఒక కాపీ సంచిలో పెట్టుకున్నారు. ముందు ఒక్క ఏడాదికి అనుమతి వచ్చింది.

వాళ్ల కారు మలుపు తిరిగాక మేడం కుర్చీలో కూలబడ్డారు.

"దొంగ అనంగనే కాళ్లు సల్లవడ్డయి తమ్మీ," అన్నారు. "నవ్వకపోతె ఏడ్సేదాన్ని."

మొదటి బ్యాచిలో, తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఆ అమ్మాయి చేరింది. అడుగున మందు కాగితం ఉండే చిన్న సీసాల్లో నీళ్లు పట్టి ఒకటి రెండు రోజులు ఉంచితే, చెడ్డ నీళ్లయితే నల్లబడతాయి. ఆమె తన ఊరి నీళ్లన్నీ పట్టి తెచ్చింది. బడి దగ్గరి బోరింగు నీళ్లు తెల్లగానే ఉన్నాయి. ఊరి పెద్ద రైతు బావి నీళ్లు కాటుకలా నల్లబడ్డాయి. సగం ఊరు తాగేది ఆ బావి నీళ్లే. ఆయన పొలంలోనే ఈ అమ్మాయి అమ్మ కూలికి పోయేది. పోయి ఆయనకు ఎలా చెప్పను అని ఆమె ల్యాబులోనే ఏడ్చేసింది.

మేడం ఆమెను వెంటబెట్టుకుని వెళ్లారు. నేనూ ఉన్నాను. ఆ రైతు మర్యాదగానే కూర్చోబెట్టాడు కానీ మాట విన్నాక మొహం మారింది.

"మా తాతల కాలం సంది గివే నీళ్లు తాగుతున్నం మేడం. మాకేం కాలే. మా బాయికి వంక పెట్టనీకి గీ పోరి ఎవతె?"

అమ్మాయి వెనక్కి తగ్గబోయింది. మేడం ఆమె భుజం మీద చెయ్యి వేసి అక్కడే నిలబెట్టారు.

"మీరు ఆమె మాట నమ్మకుండ్రి బాపూ, నా మాట గూడ నమ్మకుండ్రి. రెండు సీసాలు ఇస్తున్న. ఒక దాంట్ల మీ బాయి నీళ్లు, ఒక దాంట్ల బోరింగు నీళ్లు, మీ చేతులతోనే పట్టుండ్రి. మీ ఇంట్లనే పెట్టుకోండ్రి. ఎట్ల పట్టాల్నో ఈ పిల్ల చూపెడ్తది."

ఆ అమ్మాయి చూపించింది. మూత లోపల వేలు తగలనివ్వొద్దని ఆయనకే చెప్పింది. ఆయన మూతి ముడుచుకునే పట్టాడు.

మళ్లీ వస్తామని చెప్పి వచ్చాం కానీ వాన పట్టుకుని రోడ్డు తెగింది. వారం దాటాక వెళ్తే, ఆయన మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు. ఒక సీసా నల్లగా, ఒకటి తెల్లగా గూట్లో పక్కపక్కన పెట్టి, వచ్చినవాళ్లకల్లా చూపిస్తున్నాడట. బావికి బ్లీచింగు వేయించాడు. ఎంత వేయాలో ఆ అమ్మాయిని పిలిపించి లెక్క కట్టించుకున్నాడు. మాకు చాయ్ ఇస్తూ, "గీ బిడ్డ మా ఊరి నీళ్ల డాక్టరు," అన్నాడు, తనే కనిపెట్టినట్టు. మేడం ఎంత గంభీరంగా తల ఊపారంటే, నాకు నవ్వాపుకోవడం కష్టమైంది. ఆ వానాకాలం ఆ ఊళ్లో ఎవరూ మంచాన పడలేదు. మరుసటి ఏడు ఏటపల్లి వైపు నుంచి కూడా పిల్లలు వచ్చారు.

బొమ్మల పాఠం రాసినాయనకు మాటిచ్చినట్టే మా పుస్తకాన్ని ఇంగ్లీషులోకి మార్చి పంపాం. ఆయన దాన్ని నెట్‌లో పెట్టారు. చాలా నెలలకు ఎక్కడో కొండ దేశం నుంచి ఒక టీచరు ఈమెయిలు రాసింది. మీ పాఠం మా పిల్లలకు చెబుతున్నాం, చాలా బాగుంది, ఒక్కటే అర్థం కాలేదు, మీ ఊళ్లో నీళ్ల పంపును విసుగు పుట్టించేది అని ఎందుకంటారు అని. బోరింగు అనే మాటను మేం ఇంగ్లీషులోనూ అలాగే ఉంచేశాం. ఇద్దరం ఎన్నిసార్లు చూసుకున్నా తట్టలేదు, మాకది పుట్టినప్పటి నుంచీ బోరింగే. మేడం నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఎండలో ఒక్క బిందె నిండేదాకా కొట్టి చూస్తే ఆమెకే తెలుస్తుందని జవాబు రాయమన్నారు. రాశాను. మనం నేర్పింది ఎక్కడో ఎవరో మనం ఎరగని పిల్లలు నేర్చుకుంటున్నారన్న సంగతి మీద ఆమె ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఆ ఈమెయిలు అచ్చు వేయించి స్టాఫ్ రూము బీరువా తలుపుకు అంటించారు. అంతే.

రిటైరయ్యాక కోర్సును తెలుగులోకి మార్చే పని పెట్టుకున్నారు. నది అవతలి ఊళ్లలో బడి టీచర్లు అడిగారు. వారానికోసారి పడవెక్కి వెళ్లి చెప్పి వచ్చేవారు. ఈ వయసులో ఎందుకు మేడం అంటే, "ఇంట్ల కూసుంటే మీ సార్ పేపరంత సదివి వినిపిస్తుండు తమ్మీ," అనేవారు.

నేను భామ్రాగడ్‌కు మారే ముందు మేడంకు చెప్పి పోదామని ఇంటికి వెళితే, ఆమె రేవుకు వెళ్లారన్నారు. నేను పరిగెత్తుకెళ్లేసరికి పడవ ఒడ్డు వదిలేసింది. తొలకరి రోజులు. ఎండలోనే ఉన్నట్టుండి చినుకులు మొదలై, గాలి లేచింది. మేడం గొడుగు విప్పారు. గాలికి అది వెనక్కి తిరగబడింది. సరిచేయబోయి, మానేసి, దాన్ని అలాగే పువ్వులా ఆకాశం కేసి ఎత్తి పట్టుకున్నారు. పక్కనున్న ఆడవాళ్లు ఆమె మీదికి వాలి నవ్వుతున్నారు, తెడ్డు వేసేవాడు తెడ్డు ఆపి నవ్వుతున్నాడు. ఆమె నన్ను చూసి ఏదో కేకేశారు, గాలికి వినబడలేదు. పడవ మెల్లగా అవతలి ఒడ్డుకు జరిగిపోతోంది. తిరగబడ్డ ఆ గొడుగు, దాని నిండా వాన, కింద తడిసి నవ్వుతున్న మేడం.